అభిప్రాయం మారిందా, జట్టు మారిందా?

స్త్రీలకు ఓటు హక్కు ఇవ్వాలా అని స్విట్జర్లాండ్‌లో 1959 ఫిబ్రవరిలో దేశవ్యాప్తంగా ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ఓటర్లంతా మగవాళ్లే కాబట్టి జవాబు చెప్పిందీ వాళ్లే. దాదాపు 67 శాతం వద్దన్నారు. 1971 ఫిబ్రవరిలో మళ్లీ అడిగారు. అప్పుడూ ఓటేసింది మగవాళ్లే, కానీ దాదాపు 66 శాతం సరేనన్నారు. పన్నెండేళ్లలో లెక్క తలకిందులైంది.

కాలం మారింది అనేసి ఊరుకుంటే ఇందులో తెలిసేదేమీ ఉండదు. ఆ పన్నెండేళ్లలో కొందరు ముసలివాళ్లు పోయారు, కొందరు కుర్రవాళ్లు ఓటర్లయ్యారు. వో, నూషాటెల్, జెనీవా కాంటన్లు (అక్కడి రాష్ట్రాల్లాంటివి) 1959, 1960ల్లోనే స్థానిక ఎన్నికల్లో స్త్రీలకు ఓటు ఇచ్చేశాయి. అక్కడ కొంపలేమీ మునగలేదని పక్క కాంటన్ల వాళ్లు కళ్లారా చూశారు. కొందరు నిజంగానే మనసు మార్చుకున్నారు. ఇవన్నీ కలిసి వచ్చిన అంకె అది. రాజకీయ నమ్మకాల మార్పు గురించి మాట్లాడేటప్పుడు వీటిని విడదీసి చూడకపోతే వాదన ఎంతసేపు సాగినా తేలదు.

ఒక్క మనిషి విషయంలోనైతే విడదీయాల్సింది వేరే ఉంది. ఒక ప్రశ్న మీద అభిప్రాయం మారడం ఒకటి, జట్టు మారడం ఇంకొకటి. బయటినుంచి చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. అభిప్రాయం మారినవాడు మిగతా పది విషయాల్లో పాతవాడే. జట్టు మారినవాడు ఆ పదింటి మీదా కొద్ది నెలల్లోనే కొత్త మాట అందుకుంటాడు. స్త్రీవాదానికీ పన్నుల రేట్లకూ, వాక్ స్వాతంత్ర్యానికీ వాతావరణ మార్పుకూ తర్కం ప్రకారం పెద్ద చుట్టరికం లేదు. అయినా ఒకటి మారగానే మిగతావీ గుత్తగా మారిపోతే అక్కడ జరిగింది ఆలోచనేనా అని అనుమానించాల్సిందే.

1956లో సోవియట్ ట్యాంకులు హంగరీలో తిరుగుబాటును అణచాక బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీ నుంచి వేల మంది బయటికొచ్చారు. చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ వంటివాళ్లు పార్టీని వదిలారు, సోషలిజాన్ని వదల్లేదు. ఏది కుళ్లిందో చూసి దాన్నే తీసేశారు. న్యూయార్క్ సిటీ కాలేజీలో ట్రాట్‌స్కీ అనుచరుడిగా మొదలైన ఇర్వింగ్ క్రిస్టల్ చివరికి అమెరికన్ నవ సంప్రదాయవాదానికి పెద్దదిక్కయ్యాడు. కానీ ఆ దారి నడవడానికి ఆయనకు దశాబ్దాలు పట్టింది, మెట్టుమెట్టుకూ రాసిపెట్టిన కారణాలున్నాయి. గోడ దూకాడని ఒక్క ముక్కలో తీసేయడం ఇద్దరి విషయంలోనూ కుదరదు. మార్పు ఎంత వేగంగా వచ్చింది, ఎన్ని విషయాలను వెంటబెట్టుకుని వచ్చింది అన్న రెండు ప్రశ్నలూ వేస్తే చాలావరకు తేలిపోతుంది.

జట్టు మారడానికి దురాశే కారణమనుకోవడం తేలిక. ఎక్కువగా జరిగేది వేరు. సొంత జట్టులో ఒకడు ఒక్క విషయం మీద గొంతు మారుస్తాడు. స్త్రీవాద వర్గంలో ఉంటూ ఒక చట్టం మీద అనుమానం అడగొచ్చు, సంప్రదాయవాదుల్లో ఉంటూ గర్భస్రావం మీద నియంత్రణలు అతిగా ఉన్నాయని అనొచ్చు. సొంతవాళ్లు ద్రోహి అంటారు. అవతలివాళ్లు, నిన్నటిదాకా తిట్టినవాళ్లే, సభకు పిలిచి కుర్చీ వేస్తారు. స్నేహాలు, పాఠకులు, ఒక్కోసారి జీతం కూడా అటువైపునుంచే రావడం మొదలవుతుంది. రెండు మూడేళ్లు తిరిగేసరికి ఆ జట్టు మాటలన్నీ నోటికి పడతాయి. మొదటి అనుమానం సబబే అయినా మిగతా పదీ సహవాసంతో వచ్చినవే. ఇందులో వెళ్లినవాడి బాధ్యత ఎంతో, గెంటినవాళ్ల బాధ్యతా అంతే.

జట్టు పేరుకు ఎంత బలముందో జెఫ్రీ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో కనిపిస్తుంది. విద్యార్థులకు ఒక సంక్షేమ పథకం చూపించారు. ఒక రూపంలో సాయం ధారాళంగా ఉంది, ఇంకో రూపంలో బాగా బిగించి ఉంది. పార్టీ పేరు లేనప్పుడు ఉదారవాదులు మొదటిదాన్ని, సంప్రదాయవాదులు రెండోదాన్ని మెచ్చారు. పథకాన్ని మీ పార్టీ సమర్థిస్తోందని చేర్చగానే అందులో ఏముందన్నది దాదాపు లెక్కలోకే రాలేదు. తమాషా ఏమిటంటే, తాము వివరాలు చూసే తేల్చుకున్నామని వాళ్లు నమ్మారు. పార్టీ ప్రభావం ఎదుటివాళ్ల మీద పనిచేస్తుందన్నారు.

మరి సాక్ష్యాలు చూపిస్తే? 1979లో స్టాన్‌ఫర్డ్‌లో చార్లెస్ లార్డ్, లీ రాస్, మార్క్ లెప్పర్ 48 మంది విద్యార్థులను తీసుకున్నారు. సగం మంది మరణశిక్షను సమర్థించేవాళ్లు, సగం మంది వ్యతిరేకించేవాళ్లు. మరణశిక్ష వల్ల హత్యలు తగ్గుతాయని ఒక అధ్యయనం, తగ్గవని మరొకటి అందరికీ ఇచ్చారు. రెండూ పరిశోధకులు కల్పించినవే. ప్రతివాళ్లూ తమకు నచ్చిన ఫలితమున్నదాని పద్ధతి బాగుందన్నారు, నచ్చనిదాంట్లో లొసుగులు వెతికి పట్టారు. రెండూ చదివాక తమ నమ్మకం ఇంకా గట్టిపడిందన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నమాట, అదీ కుందేలును చూపించాక.

దీని తర్వాత 1984లో లార్డ్, లెప్పర్, ప్రెస్టన్ చేసిన ప్రయోగాన్ని జనం అంతగా చెప్పుకోరు, నిజానికి పనికొచ్చేది అదే. ఈసారి కొందరికి ‘న్యాయమూర్తిలా నిష్పాక్షికంగా చదవండి’ అని చెప్పారు. ఏమీ తేడా పడలేదు. ఇంకొందరికి వేరే సూచన ఇచ్చారు: ‘ఇదే పద్ధతిలో చేసిన అధ్యయనం సరిగ్గా వ్యతిరేక ఫలితం ఇచ్చి ఉంటే ఈ లోపాలనే, ఈ గొప్పలనే ఎత్తిచూపేవారా?’ పక్షపాతం బాగా తగ్గింది. నిష్పాక్షికంగా ఉండమంటే ఎవరికైనా తాము అలాగే ఉన్నామనిపిస్తుంది. తిప్పి చూడమంటే మాత్రం మనసు చేయాల్సిన పని ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక అపోహ కూడా తీసేయాలి. వాస్తవం చెప్తే మనిషి ఇంకా మొండికేస్తాడని 2010లో వచ్చిన ఒక పరిశోధన తర్వాత బాగా ప్రచారమైంది. థామస్ వుడ్, ఈథన్ పోర్టర్ 52 అంశాల మీద పది వేల మందికి పైగా పరీక్షించి 2019లో ప్రచురించిన ఫలితాల్లో ఆ ఎదురుదెబ్బ దాదాపు ఎక్కడా కనిపించలేదు. సరిచేసిన వాస్తవాన్ని జనం ఒప్పుకుంటారు. కాకపోతే ఒప్పుకున్నాక కూడా తమ నాయకుడినే అభిమానిస్తారు. లెక్క తప్పని తెలియడానికీ జట్టు వదలడానికీ మధ్య దూరం అంతుంది.

ఆ తిప్పి చూసే ప్రశ్న వాక్ స్వాతంత్ర్యం దగ్గర పెట్టినంత ఇబ్బంది ఇంకెక్కడా పెట్టదు. స్త్రీవాద చరిత్రలోనే దీనికి కావలసినన్ని ఉదాహరణలున్నాయి. అమెరికాలో 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం అశ్లీల సాహిత్యంతో పాటు గర్భనిరోధక సమాచారాన్నీ పోస్టులో పంపకూడదంది. 1914లో గర్భనిరోధం కోసం ఉద్యమించిన మార్గరెట్ సాంగర్ మీద కేసు పెట్టింది ఆ చట్టం కిందే. గర్భనిరోధం మీద ఉపన్యాసమిచ్చినందుకు 1916లో అరాచకవాద నాయకురాలు ఎమ్మా గోల్డ్‌మన్‌కు 100 డాలర్ల జరిమానా గానీ 15 రోజుల జైలు గానీ అంటే ఆమె జైలే కోరుకుంది. అశ్లీలం అన్న మాట ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు పనికొస్తుందని ఆ తరం స్త్రీవాదులకు ఒంటికి తెలిసిన సంగతి.

డెబ్బై ఏళ్ల తర్వాత పాత్రలు మారాయి. పోర్నోగ్రఫీ స్త్రీల పౌరహక్కులకు భంగమని, బాధితులు దావా వేసే వీలుండాలని కాథరిన్ మెకిన్నన్, ఆండ్రియా డ్వార్కిన్ 1983లో మినియాపొలిస్ నగరం కోసం ఒక ఆర్డినెన్స్ (నగరపాలక మండలి చేసే చట్టం) రాశారు. మేయర్ దాన్ని వీటో చేశాడు. 1984లో ఇండియానపొలిస్‌లో అదే తరహా ఆర్డినెన్స్ నెగ్గింది, అక్కడ దాని వెనక నిలబడినవాళ్లు రిపబ్లికన్ సంప్రదాయవాదులు. స్త్రీవాదులు నిలువునా చీలారు. బెట్టీ ఫ్రీడన్, ఏడ్రియన్ రిచ్ వంటివాళ్లు ఆర్డినెన్స్‌కు వ్యతిరేకంగా కోర్టుకిచ్చిన వాదన మీద సంతకం పెట్టారు. 1985లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆర్డినెన్స్‌ను కొట్టేసింది, మరుసటి ఏడు సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. పోర్నోగ్రఫీ హాని చేస్తుందన్న వాదనను అప్పీళ్ల కోర్టు కాదనలేదు. అలాంటి హాని ఉందంటే మాటకు అంత శక్తి ఉందని అర్థం, అంతమాత్రాన స్త్రీల గురించి ఏ దృక్పథం సరైనదో ప్రభుత్వం నిర్ణయించకూడదు అంది.

కెనడా ఇంకో దారి పట్టింది. 1992 బట్లర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు అశ్లీలాన్ని స్త్రీలకు జరిగే హాని ఆధారంగా నిర్వచించింది. స్త్రీవాదానికి పెద్ద విజయమన్నారు. అదే ఏడాది టొరంటో పోలీసులు కేసు పెట్టింది గ్లాడ్ డే అనే స్వలింగ సంపర్కుల పుస్తకాల దుకాణం మీద, లెస్బియన్ స్త్రీలు లెస్బియన్ స్త్రీల కోసం నడిపే పత్రిక అమ్మినందుకు. వాంకూవర్‌లోని లిటిల్ సిస్టర్స్ దుకాణానికి వచ్చే పుస్తకాలను కస్టమ్స్ అధికారులు ఏళ్ల తరబడి ఆపుతూ వచ్చారు. అది వివక్షేనని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. చట్టం రాసినవాళ్ల ఉద్దేశం ఒకటి, దాన్ని సోదాకు తీసుకెళ్లే కానిస్టేబుల్ బుర్రలో ఉన్నది ఇంకొకటి. నిషేధం రాసేటప్పుడు ఎవరూ సరిగ్గా వేయని లెక్క ఇదే.

తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. తెల్లజాతి ఆధిపత్యం కోరే కూ క్లక్స్ క్లాన్ ముఠా నాయకుడు బ్రాండెన్‌బర్గ్ ప్రసంగం మీద 1969లో అమెరికా సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: తక్షణ హింసకు పురికొల్పే ఉద్దేశం, అది జరిగే అవకాశం రెండూ ఉంటేనే శిక్షించాలి. నల్లజాతివాళ్లకు ఇది చేదు తీర్పే. కానీ మిసిసిపీలో తెల్లవాళ్ల దుకాణాలను బహిష్కరించిన నల్లజాతి పౌరహక్కుల కార్యకర్తల మీద భారీ నష్టపరిహారం పడ్డప్పుడు, 1982 క్లెయిబోర్న్ హార్డ్‌వేర్ కేసులో వాళ్లను కాపాడింది ఆ గీతే. 1977లో యూదులు ఎక్కువగా ఉండే స్కోకీ పట్టణంలో అమెరికన్ నాజీల ఊరేగింపు హక్కు కోసం పౌరస్వేచ్ఛల సంఘం ఎ.సి.ఎల్.యు. కోర్టుకెళ్లినప్పుడు దాని నాయకుడు ఆర్యే నైయర్, చిన్నప్పుడు నాజీ జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదుడు. వేలమంది సభ్యత్వం వదులుకున్నారు. నాజీలు చివరికి స్కోకీలో ఊరేగనేలేదు, 1978లో షికాగోలో సభ పెట్టుకుని పోయారు.

ఇవి విని స్త్రీవాదమూ వాక్ స్వాతంత్ర్యమూ ఎదురుబొదురు పక్షాలని అనుకోనక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ బుర్రలో రెండూ ఒక్కచోటే ఉన్నాయి. 1867లో ఓటు హక్కు బిల్లులో ‘పురుషుడు’ అన్నచోట ‘వ్యక్తి’ అని మార్చాలని బ్రిటిష్ పార్లమెంటులో ప్రతిపాదించి 73 ఓట్లు తెచ్చుకుని 196 ఓట్ల చేతిలో ఓడిపోయింది ఆయనే. పైగా ఆయన ఎక్కువ భయపడింది సర్కారు సెన్సారుకు కాదు, ఇరుగుపొరుగు ఒత్తిడికి. ట్రోలింగ్ గుంపుకు భయపడి ఒక స్త్రీ రాయడం మానేస్తే చట్టం దృష్టిలో ఎవరి స్వేచ్ఛా పోలేదు, వాస్తవంలో పోయింది. వాక్ స్వాతంత్ర్యం పేరు చెప్పేవాళ్లు ఈ సగాన్ని దాటేస్తుంటారు.

అస్తిత్వం, అంటే జాతి, లింగం వంటి గుర్తింపుల మీద గొడవకు మూలంలో నిర్దిష్టమైన కేసు ఒకటుంది. జనరల్ మోటార్స్ మీద అయిదుగురు నల్లజాతి స్త్రీలు దావా వేశారు. ఆ కంపెనీ 1964కు ముందు నల్లజాతి స్త్రీలను తీసుకోలేదు. తర్వాత మాంద్యం వచ్చినప్పుడు సీనియారిటీ ప్రకారం తీసేస్తే 1970 తర్వాత చేరిన నల్లజాతి స్త్రీలంతా వీధిన పడ్డారు. 1976లో కోర్టు ఏమందంటే, కంపెనీలో స్త్రీలు ఎప్పటినుంచో ఉన్నారు కాబట్టి లింగ వివక్ష లేదు, వాళ్లు తెల్లవాళ్లన్నది వేరే సంగతి. జాతి వివక్ష అంటారా, దానికి వేరే దావా నడుస్తోంది, అందులో కలవండి. రెండూ కలిపి కొత్త వర్గం సృష్టించలేమంది. న్యాయశాస్త్రవేత్త కింబర్లీ క్రెన్‌షా 1989లో ‘ఇంటర్‌సెక్షనాలిటీ’ (రెండు మూడు వివక్షలు ఒకేచోట కలవడం) అన్న భావనను ఈ రంధ్రం చూపించడానికే వాడింది. లెక్క రాసే పట్టికలో రెండు గళ్లు ఉన్నాయి, వీళ్లు రెండింటి మధ్య పడిపోయారు. అంతకుముందు 1977లో బోస్టన్ ప్రాంతపు నల్లజాతి స్త్రీవాదులు, కాంబాహీ రివర్ కలెక్టివ్, ‘అస్తిత్వ రాజకీయాలు’ అన్నప్పుడూ ఉద్దేశం ఇలాంటిదే: తమ తరఫున ఇంకెవరూ మాట్లాడటం లేదు కనక తామే మొదలుపెట్టాలి.

తేడా ఎక్కడ వచ్చిందంటే, ఒక పనిముట్టు కొలబద్దగా మారినప్పుడు. ఒక అనుభవం ఉన్నవాళ్లకు కొన్ని సంగతులు ముందు తెలుస్తాయన్నది గట్టి వాదనే. ఆ అనుభవం లేనివాళ్లు మాట్లాడకూడదన్నది దాని వెంట వచ్చే వాదన కాదు. మొదటిదాన్ని రుజువు చేసి రెండోదాన్ని చేతిలో పెట్టడం ఈ చర్చల్లో రోజూ జరిగే కనికట్టు. దాని జవాబుగా ‘అస్తిత్వం గొడవ వద్దు, అందరం మనుషులమే’ అనేవాళ్లు చేసేది రెండో కనికట్టు. అయిదుగురు స్త్రీలకు ఆ కోర్టు చెప్పిన జవాబు కూడా సరిగ్గా అలాంటిదే.

బయటికి చెప్పని నమ్మకాల సంగతి వేరు. సౌదీ అరేబియాలోని రియాద్‌లో 500 మంది యువకులైన పెళ్లయిన మగవాళ్లతో చేసిన ఒక అధ్యయనం 2020లో అచ్చయింది. స్త్రీలు ఇంటి బయట ఉద్యోగం చేయాలన్నదానికి వాళ్లలో 87 శాతం సమ్మతించారు. కానీ ఎక్కువమంది, పక్కవాళ్లు మాత్రం అంతగా ఒప్పుకోరనుకున్నారు. సగం మందికి అసలు అంకె చెప్పారు. భార్యల కోసం ఉద్యోగాలు వెతికే సర్వీసులో, అంకె చెప్పనివాళ్లలో 23 శాతం మంది పేరు నమోదు చేస్తే, చెప్పినవాళ్లలో 32 శాతం మంది చేశారు. ఎవరి మనసూ మార్చలేదు, ఎవరితోనూ వాదించలేదు. పక్కవాడు ఏమనుకుంటున్నాడో తెలియజేశారు, అంతే. మొదట్లో చెప్పిన స్విట్జర్లాండ్‌లోనే అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే కాంటన్ మగవాళ్లు 1990 దాకా స్త్రీలకు స్థానిక ఓటు ఇవ్వలేదు, చివరికి ఫెడరల్ కోర్టు ఇప్పించింది. అక్కడ ఓటంటే బహిరంగ సభలో అందరి ముందూ చెయ్యెత్తడం. రహస్య బ్యాలెట్ ఉంటే ఏమయ్యేదో ఊహించడమే తప్ప, ఒంటరిగా చెయ్యెత్తడం ఎంత కష్టమో తెలియనివాళ్లుండరు.

మనసు మార్చే సంభాషణ ఎలా ఉంటుందన్నదానికి కొలిచి చూసిన సమాధానం ఒకటుంది. 2014లో సైన్స్ పత్రికలో ఇంటింటికీ వెళ్లి మాట్లాడితే అభిప్రాయాలు మారతాయన్న పత్రం వచ్చింది, డేటా నమ్మదగింది కాదని తేలి 2015లో వెనక్కి తీసుకున్నారు. ఆ లొసుగు బయటపెట్టినవాళ్లలో ఇద్దరు, డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా, తామే మయామీలో నిజం ప్రయోగం చేశారు. 56 మంది కార్యకర్తలు 501 మంది ఓటర్లతో ట్రాన్స్‌జెండర్ల గురించి గానీ, పోల్చి చూడటానికి చెత్త రీసైక్లింగ్ గురించి గానీ పదేసి నిమిషాలు మాట్లాడారు. మొదటి గుంపులో విముఖత తగ్గింది, మూడు నెలల తర్వాత కూడా తగ్గే ఉంది.

పద్ధతి ఇలా ఉంటుంది. ముందు ఎదుటివాళ్ల అభిప్రాయాన్ని 0 నుంచి 10 దాకా ఒక అంకెలో చెప్పమంటారు. ఆ అంకే ఎందుకని అడుగుతారు, ఏం చెప్పినా మొహం చిట్లించరు. తర్వాత, తేడాగా ఉన్నందుకు మిమ్మల్ని ఎవరైనా తక్కువగా చూసిన సందర్భముందా అని అడిగి చెప్పేదాకా ఆగుతారు. అప్పుడు కార్యకర్త తన అనుభవం చెప్తారు. ఆ రెండింటినీ అసలు విషయానికి కలిపి, చివర్లో మళ్లీ అంకె అడుగుతారు. 2020లో వాళ్లే ఇంకో పరీక్ష చేశారు: అనుభవాలు చెప్పుకోవడం తీసేసి వాదనలే ఉంచితే కొలవదగ్గ ప్రభావం ఏమీ మిగల్లేదు. ఇందులో పాడయ్యేదల్లా సాధారణంగా రెండో మెట్టు దగ్గరే. ఎదుటివాళ్లు తప్పు మాట అనగానే దిద్దాలన్న తొందర పుడుతుంది, దిద్దగానే వాళ్లు మనిషి నుంచి జట్టు ప్రతినిధిగా మారిపోతారు. ఖర్చు కూడా ఎక్కువే, తలుపు తీసేవాళ్లు తక్కువ, ఒక్కొక్కరికీ ఒక మనిషి కావాలి.

కాలేజీ, సంఘం, ఆఫీసు వంటి చోట్ల నియమాలు రాసేవాళ్లకు అంత తీరిక ఉండదు. అక్కడ పనికొచ్చే విభజనను లింగం మీద తన అభిప్రాయాలు చెప్పాక ఉద్యోగ ఒప్పందం పొడిగించకపోతే కోర్టుకెక్కిన మాయా ఫోర్‌స్టేటర్ కేసులో 2021లో బ్రిటన్ ఉద్యోగ అప్పీళ్ల ట్రిబ్యునల్ చూపించింది. జీవశాస్త్ర లింగం మారదన్న నమ్మకానికి 2010 సమానత్వ చట్టం కింద రక్షణ ఉందంది. ఆ నమ్మకమున్నంత మాత్రాన ట్రాన్స్ సహోద్యోగులను వేధించే హక్కు రాదనీ అదే తీర్పులో అంది. రెండు జట్లూ తమకు కావలసిన సగాన్నే ప్రచారం చేసుకున్నాయి.

నియమం రాసేటప్పుడు అభిప్రాయాల పేర్లు పెట్టకుండా చేతల పేర్లు పెట్టాలి: ఆపమన్నాక మళ్లీ మళ్లీ సందేశాలు పంపడం, ఇంటి చిరునామా బయటపెట్టడం, బెదిరించడం, సభలో అరిచి వక్త గొంతు వినపడనీయకపోవడం. ‘మనోభావాలు దెబ్బతీయడం’ అని రాస్తే ఎక్కువ గట్టిగా అరిచినవాళ్ల చేతికి అది పోతుంది. రాసిన నియమాన్ని వచ్చే ఏడాది అవతలి జట్టు అమలుచేస్తుందనుకుని ఒకసారి చదవాలి. ఫిర్యాదు చేసినవాళ్లు, తీర్పు చెప్పేవాళ్లు ఒకరే కాకూడదు. ఫిర్యాదుకు గడువు కూడా పెట్టాలి, ఆరు నెలలో ఏడాదో. గడువు లేనిచోట ఎనిమిదేళ్ల కిందటి పోస్టు ఒకటి తవ్వి తీస్తారు. అది రాసినవాళ్లు ఈలోపు ఆ అభిప్రాయం మార్చుకుని ఉంటే వాళ్లకు మిగిలేవి రెండే దారులు, క్షమాపణ చెప్పి రెండో దెబ్బ తినడం లేదా ఆ పోస్టునే సమర్థించే జట్టులోకి వెళ్లిపోవడం.